జాకెట్టు హుక్కు ఎందుకు ఊడుతుంది? హుక్కు, కాజాల నిర్మాణం మీద ఒక విశ్లేషణ

జాకెట్టు కుట్టించుకున్న నెలకే హుక్కు ఊడితే మొదట తిట్లు పడేది హుక్కుకే. నాసిరకం హుక్కులు వేశారని అనేస్తాం. తిరుపతిలో గానీ చిత్తూరులో గానీ రిపేరుకు వచ్చిన జాకెట్లను లోపలి వైపు తిప్పి చూస్తే సంగతి వేరేగా ఉంటుంది. తీగ విరిగినవి అరుదు. చాలావాటిలో హుక్కు నిక్షేపంగా ఉండి, దాని వెనకున్న బట్ట చిరిగి ఉంటుంది. లేదంటే కుట్టిన దారం వదులై ఉంటుంది, హుక్కును తగిలించే దారపు కాజా సాగిపోయి ఉంటుంది. ఇంకొన్నింటిలో ఏదీ తెగదు, అయినా హుక్కు దానంతట అదే జారిపోతుంటుంది. ఈ నాలుగింటికీ కారణాలు వేరు, మందులూ వేరు. గట్టి హుక్కులు కొన్నంత మాత్రాన వీటిలో ఒక్కటీ తీరదు.

ఒకే దిక్కుకు పట్టు

హుక్కు అంటే ఒకటే తీగ. దాన్ని మధ్యకు మడిచి, రెండు పోగులనూ పక్కపక్కన ఆనించి, మడత కొసను వెనక్కి వంచితే ముక్కు అవుతుంది. మిగిలిన రెండు కొసలను చెరో పక్కకు గుండ్రంగా తిప్పితే కుట్టుకోవడానికి రెండు చెవులు. నడుమ ఉన్నది కాడ. ముక్కు రెండు పోగులతో తయారవుతుంది కాబట్టే అంత సన్నటి తీగ కూడా లాగుడుకు సాగి తెరుచుకోదు.

చొక్కా కాజాలో దూరిన గుండీని కుడికి లాగినా ఎడమకు లాగినా ఆగుతుంది. హుక్కు మాత్రం ఒక్క దిక్కులోనే ఆపుతుంది. జాకెట్టు రెండు అంచులూ ఒకదానికొకటి దూరం జరగాలని చూసినంతసేపూ కాజా వెళ్లి ముక్కు వంపులో కూర్చుంటుంది. ఆ లాగుడు పోయిన క్షణం దాన్ని పట్టి ఉంచేది ఏదీ లేదు. అంచులు ఇంకాస్త దగ్గరికి జరిగితే కాజా ముక్కు కింద నుంచి జారి బయటికి వచ్చేస్తుంది. వదులు జాకెట్టుకు హుక్కులు తరచూ ఊడిపోవడానికి కారణం ఇదే. బిగుతు వల్ల ఊడుతున్నాయని వదులు చేయించుకుంటే ఒక్కోసారి ఇబ్బంది ఎక్కువయ్యేదీ ఇందుకే.

దీనికి రెండో పక్క కూడా ఉంది. హుక్కు పెట్టాలన్నా తియ్యాలన్నా అంచులను ముక్కు పొడవంత, అంటే 3 నుంచి 4 మిల్లీమీటర్లు అదనంగా దగ్గరికి లాగాలి. పెట్టుకున్నాక సరిగ్గా ఒంటికి అతికే కొలతతో కుట్టిన జాకెట్టు పెట్టుకునే సమయంలో ఆ 4 మిల్లీమీటర్ల మేర బిగుతుగా ఉంటుందన్నమాట. సాగే గుణం లేని పట్టు బట్ట, లోపల లైనింగు ఉన్న జాకెట్టు అయితే ఆ కాస్త కూడా ఇవ్వదు. ఛాతీ మధ్య హుక్కుతో మొదలుపెడితే మొత్తం బిగువు ఆ ఒక్కదాని మీదే పడి ముక్కు వంగుతుంది, దాని కుట్టు కదులుతుంది. పైన ఒకటి, కింద రెండు పెట్టి, ఛాతీ దగ్గరివి చివర్లో పెట్టుకుంటే అప్పటికే అంచులు దగ్గరయి ఉంటాయి. ఇది అలవాటు చేసుకుంటే చాలు, అదే జాకెట్టు ఎక్కువ కాలం వస్తుంది.

జారిపోయే గుణానికి తయారీదారులు వెతికిన విరుగుడు, కాడ మీద చిన్న మూపు. ఇంగ్లండులో హుక్కులు 14వ శతాబ్దం నాటికే వాడుకలో ఉన్నాయి. తర్వాతి కాలంలో సూదుల తయారీకి పేరుపడ్డ రెడిచ్ పట్టణం వాటిని యంత్రాలతో చేయడం మొదలుపెట్టింది. అమెరికాలో 1890ల్లో ఫిలడెల్ఫియాకు చెందిన డిలాంగ్ కంపెనీ కాడను మధ్యలో పైకి ఉబ్బేలా వంచిన హుక్కును అమ్మింది, తన ప్రకటనల్లో ఆ మూపునే గొప్పగా చూపించుకుంది. కాజా లోపలికి వెళ్లేటప్పుడు ఆ మూపును దాటాలి, బయటికి రావాలన్నా దాటాలి. తీగకున్న కొద్దిపాటి స్ప్రింగు గుణం దాన్ని వెనక్కి రానివ్వదు. ఇప్పుడు కొట్లో దొరికే చిన్న హుక్కుల్లో కొన్నింటికి మూపు ఉంటుంది, కొన్నింటికి ఉండదు. హుక్కును పక్కవాటంగా వెలుతురుకు పట్టి చూస్తే తేలిపోతుంది. ముక్కు కొసకీ కాడకీ మధ్య సందు ఎక్కువగా ఉన్నవి జాకెట్టుకు పనికిరావు.

పాత కాలపు యూరోపియన్ దుస్తుల్లో ఇంకో ఉపాయం కనిపిస్తుంది. ఒక అంచు మీద అన్నీ హుక్కులే కాకుండా ఒక హుక్కు, ఒక రింగు (హుక్కు తగిలే లోహపు కాజా), మళ్లీ హుక్కు, మళ్లీ రింగు అన్నట్టు మార్చి మార్చి కుట్టేవారు. ఎదురు అంచు మీద దానికి తిరగేసిన వరస. ఇలా కుడితే హుక్కులు అంత తేలిగ్గా ఊడవు. అంచులు ఆనుకుని నిలిచే వెనక ఓపెన్ జాకెట్లకూ, నాట్యం డ్రెస్సులకూ ఈ పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది. మామూలు ముందు ఓపెన్ జాకెట్టుకు కుదరదు, ఎందుకంటే అక్కడ ఒక అంచు మీదికి, ఒక అంచు కిందికి వెళ్తాయి.

బిగువు ఎక్కడ పడుతుంది

ముందు ఓపెన్ జాకెట్టులో హుక్కుల మీద భారం అన్నిచోట్లా ఒకటి కాదు. ఛాతీ ఎత్తుగా ఉన్న చోట ఎక్కువ, మెడ దగ్గర తక్కువ, నడుము పట్టీ దగ్గర మళ్లీ ఎక్కువ. ఊపిరి నిండా పీల్చినప్పుడు ఛాతీ చుట్టుకొలత 2 నుంచి 5 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. అలిపిరి దారిలో దాదాపు 3,550 మెట్లు ఎక్కే మనిషి ఆ లాగుడును వేల సార్లు హుక్కుల మీద వేస్తుంది. రెండు చేతులూ పైకెత్తి గోవిందా అన్నప్పుడు ఇంకోటి జరుగుతుంది. చంక దగ్గర బట్ట చేతులతో పాటు పైకి లేచి, సన్నగా ఉండే చోట కూర్చున్న నడుము పట్టీ వెడల్పు చోటికి ఎక్కుతుంది. అప్పటిదాకా తేలిగ్గా ఉన్న అడుగు హుక్కు ఒక్కసారిగా బరువు మోస్తుంది. చేతులు దించగానే వదులవుతుంది. ఇలా బిగిసి వదిలే చోటే హుక్కు జారుతుంది కాబట్టి మూపు ఉన్న హుక్కు ఎక్కడైనా ఒక్కచోటే వేయగలిగితే అది అడుగునే వేయాలి.

హుక్కుల మధ్య దూరం పెరిగే కొద్దీ ఒక్కో హుక్కు మోసే బరువు కూడా అదే లెక్కన పెరుగుతుంది. ఒకటి ఊడితే దాని వాటా పైదానికీ కిందిదానికీ పంచబడుతుంది. ఒక హుక్కు పోయిన జాకెట్టును అలాగే వాడితే వారంలో పక్కది కూడా పోవడం యాదృచ్ఛికం కాదు.

లెక్క ఇలా వేసుకోవచ్చు. ముందు మెడ లోతు పోగా ఓపెన్ పొడవు ఏడున్నర అంగుళాలు ఉందనుకుందాం. పై హుక్కు మెడ అంచుకు పావు అంగుళం కింద, అడుగు హుక్కు అడుగు అంచుకు పావు అంగుళం పైన. మిగిలింది ఏడు అంగుళాలు. ఆరు హుక్కులు అంటే అయిదు సందులు, ఒక్కోటి 1.4 అంగుళాలు. మామూలు కొలతకు ఇది సరిపోతుంది. ఛాతీ 38 దాటితే ఏడు హుక్కులు వేసి సందు 1.2 అంగుళాలకు దగ్గరగా తేవడం మేలు. అయితే ఈ సమాన పంపకాన్ని గుడ్డిగా పాటించకూడదు. ఛాతీ ఎత్తు గీత, అంటే డాట్ల (ఛాతీ ఆకారం కోసం వేసే మడత కుట్ల) కొసలు చూపే చోటు, రెండు హుక్కుల మధ్య సందులో పడితే సరిగ్గా అక్కడే జాకెట్టు నోరు తెరుస్తుంది. ముందు ఆ గీత మీద ఒక హుక్కు పెట్టాలి, తర్వాత దాని పైన, కింద మిగిలిన వాటిని సర్దుకోవాలి. సందులు పైన ఒకటిన్నర, కింద ఒకటింబావు వచ్చినా ఎవరికీ కనిపించదు. నోరు తెరుచుకోవడం మాత్రం అందరికీ కనిపిస్తుంది.

పై మూల వంగి బయటికి వాలుతుంటే అక్కడ హుక్కుకు తోడుగా ఒక టిచ్ బటన్ (నొక్కితే అతుక్కునే గుండీ) వేసుకోవచ్చు. టిచ్ బటన్ పక్కకు లాగితే బాగానే ఆగుతుంది గానీ అంచు పట్టి ఎత్తితే టక్కున వచ్చేస్తుంది. అందుకే ఛాతీ దగ్గర అది హుక్కుకు బదులు కాలేదు. బిగువు లేని మెడ మూలకు మాత్రం సరిపోతుంది.

హుక్కుల పట్టీ, కాజాల పట్టీ

ఆడవాళ్ల జాకెట్టులో ఎక్కువగా కుడి పక్క మీదికి వస్తుంది. దాని లోపల హుక్కులు, ఎడమ పక్క కాజాలు. తిరగేసి కుట్టించుకునే అలవాటు ఉన్నవాళ్లూ ఉన్నారు కాబట్టి ఆది జాకెట్టు (కొలతకిచ్చే పాత జాకెట్టు) తెచ్చినప్పుడు మొదట చూడాల్సిన సంగతుల్లో ఇదొకటి.

హుక్కుల పట్టీకి ఒకటిన్నర అంగుళం వెడల్పు ముక్క చాలు. బట్ట మంచి వైపు అంచుకు పెట్టి పావు అంగుళంలో కుట్టి, మొత్తం లోపలికి మడిచేస్తారు. మడత అంచే నడి గీత. కాజాల పట్టీకి రెండున్నర నుంచి మూడు అంగుళాల ముక్క కావాలి. అది రెండు మడతలై, నడి గీత దాటి ముప్పావు అంగుళం బయటికి నిలుస్తుంది. ఆ ముప్పావు అంగుళం కుడి పక్క కిందికి వెళ్లి ఒళ్లు కనపడకుండా కప్పుతుంది.

కొలత తప్పేది ఇక్కడే. కాజాల పట్టీ వెడల్పును ఛాతీ కొలతలో కలుపుకోకూడదు, అది అదనం. కలుపుకుంటే హుక్కు పెట్టాక జాకెట్టు ముప్పావు అంగుళం బిగుతవుతుంది. తిరగేసి, పట్టీ కొసన కాజాలు వేస్తే వదులవుతుంది, కింద కప్పే బట్ట కూడా మిగలదు. కాజా ఉండాల్సిన చోటు పట్టీ అతుకు గీతకు ఆనుకుని, దాని నుంచి అర పావు అంగుళం, అంటే 3 మిల్లీమీటర్లు, కొస వైపుకు. హుక్కు ముక్కును కుడి అంచు నుంచి 3 మిల్లీమీటర్లు లోపలికి పెడతాం కాబట్టి కాజా కూడా అంతే దూరం జరగాలి. అప్పుడు కుడి అంచు సరిగ్గా అతుకు గీత మీద వాలుతుంది, లోపలి హుక్కు బయటికి తొంగి చూడదు. ముక్కును అంచుదాకా తెచ్చి కుడితే మాత్రం తళుక్కున కనిపిస్తూనే ఉంటుంది.

వరస కూడా ముఖ్యం. ముందు హుక్కులన్నీ కుట్టాలి. తర్వాత జాకెట్టును బల్ల మీద పరిచి, మెడ అంచులు రెండూ, అడుగు అంచులు రెండూ కలిపి గుండుసూదులతో పట్టి, ఒక్కో హుక్కు ముక్కు ఎక్కడ ఆనుతుందో అక్కడ చాక్‌పీసు గుర్తు వేసుకోవాలి. టేపుతో రెండు పక్కలా విడివిడిగా కొలిచి గుర్తులు పెట్టుకుంటే ఎక్కడో ఒకచోట రెండు మిల్లీమీటర్ల తేడా వస్తుంది. ఒక్క కాజా కిందికి దిగినా ఆ సందులో బట్ట ముడతపడుతుంది, మెడ ఒక పక్క పైకి లేస్తుంది.

హుక్కు కుట్టే తీరు

మిషన్ పని అయిపోయాక హెమ్మింగు, హుక్కులు, కాజాలు చాలా చోట్ల ఇళ్లలో ఉన్న ఆడవాళ్ల చేతికి వెళ్తాయి. జాకెట్టుకు ఇంత అని కూలి. కటింగుకు దక్కే పేరు గానీ డబ్బు గానీ ఈ చేతిపనికి దక్కదు. జాకెట్టు ఎన్నాళ్లు నిలుస్తుందో తేల్చేది మాత్రం చాలావరకు ఈ పనే. కింద చెప్పిన కుట్లన్నీ వేయడానికి పట్టే సమయానికి తగ్గ కూలి ఇవ్వకపోతే అవి పడవు. ఊడిన హుక్కుల్లో కొంత వాటా ఈ లెక్కది కూడా.

హుక్కు మీద లాగుడు ముక్కు దగ్గర పడుతుంది. కుట్టు మాత్రం వెనక చెవుల దగ్గర ఉంటుంది. ముక్కు బట్ట మీద నుంచి కాస్త ఎత్తులో ఉంటుంది కాబట్టి లాగినప్పుడల్లా హుక్కు ముందుకు తిరగబడాలని చూస్తుంది. చెవులు మాత్రమే కుట్టి వదిలేసిన హుక్కు నాలుగు ఉతుకులకే తల ఎత్తేది ఇందువల్లే. తల ఎత్తిన హుక్కు కాజాను సగమే పట్టుకుంటుంది, మీది బట్టను పొడుచుకుని బయటికి వస్తుంది. దీనికి మందు చాలా చిన్నది. చెవులు కుట్టాక దారాన్ని బట్ట పొరల మధ్య నుంచి ముక్కు కిందికి తీసుకెళ్లి కాడ మీదుగా మూడు అడ్డ కుట్లు వేయాలి. కొట్లో తొందరలో మొట్టమొదట ఎగిరిపోయేవి ఈ మూడు కుట్లే. కుట్టించుకునేవాళ్లు జాకెట్టు తీసుకునేటప్పుడు హుక్కు ముక్కును గోటితో ఎత్తి చూస్తే చాలు. లేచిందంటే ఆ కుట్లు లేనట్టే.

రెండు పోగుల దారంతో ఒక్కో చెవికి అయిదారు కుట్లు కావాలి. కుట్టు పట్టీ రెండు పొరలనూ పట్టాలి, మీది బట్టకు తగలకూడదు. ఒక్క లైనింగు పొరనే పట్టిన కుట్టు బయటికి అందంగా కనిపిస్తుంది గానీ లైనింగుతో సహా చిరిగి వస్తుంది. ఆరు హుక్కులనూ ఒకే దారంతో, మధ్యలో తెంపకుండా కుట్టుకుంటూ పోవడం ఇంకో పొరపాటు. మూడో హుక్కు దగ్గర దారం తెగితే అటు రెండోది, ఇటు నాలుగోది కూడా వదులవుతాయి. దారం కొనసాగించినా ప్రతి హుక్కు దగ్గరా ముడి విడిగా పడాలి.

దారం కాజా

కుడి పక్క మీదికి వచ్చే జాకెట్టుకు దారంతో అల్లిన కాజా గానీ, నిటారుగా ఉండే లోహపు కడ్డీ గానీ సరిపోతుంది. గుండ్రటి రింగు అంచులు ఒకదానికొకటి ఆనుకునే చోటికి మాత్రమే. రింగును అంచు దాటి కాస్త బయటికి నిలిచేలా కుట్టాలి, హుక్కు దానిలోకి వెళ్లాలి కదా. ఒకదాని మీద ఒకటి వచ్చే చోట రింగు వేస్తే ఉబ్బుగా తగులుతుంది.

దారం కాజా పట్టీ అంచుకు సమాంతరంగా, నిలువుగా ఉండాలి. పొడవు 5 మిల్లీమీటర్లు. రెండు పోగుల దారాన్ని అడుగు నుంచి పైకి తీసి, 5 మిల్లీమీటర్ల కింద దింపి, అదే దారిలో మూడుసార్లు తిప్పాలి. అలా తిప్పేటప్పుడు కింద ఒక అగ్గిపుల్ల పెట్టుకుంటే హుక్కు దూరడానికి కావలసినంత సడలింపు అన్నింటికీ ఒకేలా వస్తుంది. తర్వాత అగ్గిపుల్ల తీసేసి, ఆ పోగుల మీదనే, బట్టకు గుచ్చకుండా, గుండీ కాజాకు వేసినట్టు ముడి కుట్లు పక్కపక్కన ఆనించి అల్లాలి. 5 మిల్లీమీటర్లకు పన్నెండు నుంచి పదిహేను పడతాయి. సూదిని దాని బెజ్జం వైపు నుంచి, అంటే వెనక నుంచి, దూరిస్తే పోగులు చీలవు. చివర అడుగు వైపు రెండు కుట్లు వెనక్కి వేసి ముడి.

ఈ అల్లికే అసలు బలం. అల్లకుండా వదిలిన పోగులకు హుక్కు ముక్కు ఒరుసుకుని ఒక్కోటీ తెగుతుంది. అల్లిక పలుచగా ఉంటే సందుల్లో ముక్కు దూరి పోగును చీలుస్తుంది. కాజా 8 మిల్లీమీటర్ల పొడవు వేస్తే లాగుడుకు విల్లులా వంగి, ఆ వంగినంతా జాకెట్టు వదులు అవుతుంది. మరీ చిన్నదైతే హుక్కు ఎక్కించడానికి గోళ్లు విరుగుతాయి, ఆ కోపంలో లాగడంతో పట్టీయే చిరుగుతుంది. మెరిసే ఎంబ్రాయిడరీ సిల్కు దారం కాజాకు వద్దు, దాని ముడి జారుతుంది. మామూలు పాలియెస్టర్ కుట్టు దారమే మేలు. చెమటకు నూలు దారం కంటే అది ఎక్కువ కాలం ఆగుతుంది.

బట్టను బట్టి వెనక దన్ను

వెంకటగిరి నూలు చీరలోంచి తీసిన జాకెట్టు ముక్క ఎంత సన్నగా ఉంటుందో తెలిసిందే. 100 కౌంటు నూలు (కౌంటు పెరిగే కొద్దీ పోగు సన్నం) మీద హుక్కు కుడితే తీగ వంగడానికి చాలా ముందే పోగులు పక్కకు జరిగి రంధ్రం పడుతుంది. పాత పట్టు చీరను జాకెట్టుగా మార్చినప్పుడూ అంతే. ఇలాంటి బట్టకు పట్టీ లోపల పలుచటి కాన్వాస్ పట్టీ గానీ, దట్టమైన నూలు లైనింగు మరో పొర గానీ తప్పదు. అంచు పొడవునా ముక్క పెట్టాలి. ఒక్కో హుక్కు కింద విడి ముక్కలు పెడితే వాటి అంచుల దగ్గర బట్ట చిరుగుతుంది. హుక్కు కూడా చిన్నది ఎంచుకోవాలి. కుట్టు సామాను లెక్కలో 0, 1, 2, 3 అని అంకె పెరిగే కొద్దీ హుక్కు పెరుగుతుంది. సన్నటి బట్ట మీద ఒక పెద్ద హుక్కు కంటే దగ్గర దగ్గరగా రెండు చిన్నవి ఎప్పుడూ మేలు, ఎందుకంటే అక్కడ ముందు ఓడిపోయేది బట్ట.

తుప్పు, కలంకారీ

ఇప్పటి హుక్కులు ఎక్కువగా ఉక్కు తీగ మీద నికెల్ గానీ నల్ల రంగు గానీ పూతగా వేసినవి. తీగను బాగా వంచిన చోట, అంటే ముక్కు దగ్గరా చెవుల దగ్గరా, ఆ పూత చీలుతుంది. చెమటలోని ఉప్పు అక్కడ చేరి తుప్పు మొదలవుతుంది. ఎండాకాలం 40 డిగ్రీలు దాటే తిరుపతిలో తడిసిన జాకెట్టును బుట్టలో ముద్దగా పడేసి రెండు రోజుల తర్వాత ఉతికితే మరక ఖాయం. కొనేముందు పరీక్ష కావాలంటే నాలుగు హుక్కులను ఉప్పు నీళ్లలో రాత్రంతా ఉంచి, తెల్ల గుడ్డ మీద ఆరనివ్వాలి. గోధుమ రంగు అంటితే ఆ పొట్లం తిరిగిచ్చేయొచ్చు. ఇత్తడి హుక్కు తుప్పు పట్టదు గానీ పచ్చగా చిలుము పడుతుంది. అయస్కాంతం చూపిస్తే ఉక్కు అంటుకుంటుంది, ఇత్తడి అంటుకోదు.

నికెల్ పూత కొందరి చర్మానికి పడదు. హుక్కు తగిలే చోట మాత్రమే ఎర్రగా దద్దుర్లు వస్తే అనుమానించాల్సింది దీన్నే. ఒంటికి ఎక్కువసేపు తగిలే వస్తువుల నుంచి వారానికి చదరపు సెంటీమీటరుకు 0.5 మైక్రోగ్రాముకు మించి నికెల్ వెలువడకూడదని ఐరోపా సమాఖ్య హద్దు పెట్టింది. అలాంటివాళ్లకు రంగు పూసిన హుక్కు, దారం కాజా, లోపల పట్టీ కప్పు ఉన్న జాకెట్టు నయం.

తెల్ల బట్ట మీద తుప్పు మరకకు బ్లీచింగు పౌడరు వేయకూడదు, వేస్తే మరక ఇంకా బిగుస్తుంది. నిమ్మరసం, ఉప్పు రాసి ఎండలో పెట్టి ఉతికితే చాలావరకు పోతుంది.

శ్రీకాళహస్తి కలంకారీ జాకెట్టు విషయంలో మాత్రం ఈ చిట్కా ప్రమాదం. కలం పనిలో బట్టను ముందు పాలు, కరక్కాయ రసంలో ముంచుతారు. నల్ల గీతలకు వాడే కసిమి, ఇనుప ముక్కలను బెల్లంతో పులియబెట్టి తీసిన ద్రవం. కరక్కాయలోని వగరు పదార్థం ఇనుముతో కలిసినప్పుడే ఆ నలుపు పుడుతుంది. అంటే బట్టలో కరక్కాయ శేషం మిగిలి ఉంటే, తుప్పు పట్టిన హుక్కు అదే రసాయన క్రియను తనంతట తానే మొదలుపెడుతుంది. మామూలు బట్ట మీద గోధుమ రంగుగా కనిపించే మరక ఇక్కడ నల్లగా దిగుతుంది. దాన్ని తీయడానికి నిమ్మరసం రాస్తే మరకతో పాటు చిత్రకారులు గీసిన నల్ల గీత కూడా వెలిసిపోతుంది, రెండూ ఒకటే పదార్థం కాబట్టి. కలంకారీకి ఇత్తడి హుక్కులు గానీ, దళసరి రంగు పూత ఉన్నవి గానీ వాడాలి. పట్టీని కలంకారీ ముక్కతో కాకుండా మామూలు నూలు లైనింగుతో వేస్తే హుక్కు అసలు బట్టకు తగలదు. ఇంత శ్రమతో గీసిన బట్టకు ఈ చిన్న జాగ్రత్త చేయకపోవడం అన్యాయం.

వెనక ఓపెన్, పావడా, వేషం, ప్యాంటు

వెనక ఓపెన్ జాకెట్టులో లాగుడు ఊపిరి కంటే చేతుల నుంచి ఎక్కువ వస్తుంది. చేతులు ముందుకు చాపగానే భుజం ఎముకలు విడిపోయి వీపు వెడల్పవుతుంది. బండి నడిపేవాళ్లు, కూర్చుని కుట్టుపని చేసేవాళ్లు గంటల తరబడి ఆ స్థితిలోనే ఉంటారు. కొలత తీసేటప్పుడే చేతులు ముందుకు చాపించి వీపు కొలవాలి.

ఎదిగే పిల్లల పట్టు పావడా నడుముకు ఒకే వరస కాజాలు వేయడం దండగ. మూడు వరసలు వేస్తే మూడేళ్లు వస్తుంది. 1930లలో బ్రాలకు వచ్చిన పద్ధతి ఇదే. ఒక పక్క ఒక వరస హుక్కులు, ఇంకో పక్క మూడు వరసల రింగులు, నిలువునా రింగుకూ రింగుకూ దాదాపు 19 మిల్లీమీటర్లు. పావడా లోపలి వరసతో మొదలై పిల్ల ఎదిగే కొద్దీ బయటికి వస్తుంది. బ్రాలో దీనికి తిరగేసి, కొత్తలో అన్నిటికన్నా బయటి, వదులు వరసకు పెట్టాలి. ఎలాస్టిక్ సాగిన కొద్దీ లోపలి వరసలకు జరగొచ్చు. మొదటి రోజే లోపలి వరసకు పెట్టేసుకుంటే సాగాక జరిగే చోటు ఉండదు. కూచిపూడి, భరతనాట్యం డ్రెస్సులను ఒకరి తర్వాత ఒకరు వాడుకుంటారు కాబట్టి వాటికీ మూడు వరసల హుక్ టేపే (హుక్కులు, రింగులు ముందే కుట్టి ఉన్న పట్టీ) సరి. తిరుపతి గంగమ్మ జాతరలో ఆడవేషం కట్టే మగవాళ్ల జాకెట్లకూ అదే పనికొస్తుంది. మగవాళ్ల వీపు వెడల్పు వేరు, వాళ్లకు ఆడవాళ్ల ఆది జాకెట్టు కొలత పనిచేయదు.

ప్యాంటు నడుము హుక్కు తీగతో చేసింది కాదు, రేకు ముక్క. హుక్కు, దాని వెనక బిళ్ల, కడ్డీ, దాని వెనక బిళ్ల, మొత్తం నాలుగు ముక్కలు. పళ్లు బట్టలోంచి వెళ్లి బిళ్ల మీద మడతపడతాయి. అందుకే కుట్టు కనిపించదు, ఊడితే మళ్లీ కుట్టడమూ కుదరదు. నడుము పట్టీలో కాన్వాస్ లేకుండా బిగిస్తే పళ్లు బట్టను కోసుకుని వచ్చేస్తాయి. అలా వచ్చేసిన చోటే మళ్లీ బిగిస్తే నిలవదు. లోపల రూపాయి బిళ్లంత బక్రం (బిరుసైన దన్ను బట్ట) ముక్క పెట్టి, పాత రంధ్రాలకు అర సెంటీమీటరు పక్కన కొత్త హుక్కు బిగించాలి, కడ్డీని కూడా అంతే జరపాలి. లోపలి వైపు ఒక గుండీ తోడుగా ఉంటే హుక్కు మీద బరువు సగం తగ్గుతుంది.

ఉతుకు, మరమ్మతు

ఉతికే ముందు హుక్కులు పెట్టేయాలి. తెరిచి వదిలిన ముక్కు పక్కనున్న చీర జరీని లాగేస్తుంది. బండ మీద బాదితే ముక్కు కాడకు అణిగిపోయి తర్వాత కాజా దూరదు. ఇస్త్రీ పెట్టె నేరుగా హుక్కుల మీద నడిపితే మీది బట్టపై వాటి అచ్చు మెరుస్తూ పడుతుంది. కింద మందపాటి తువ్వాలు పరిచి, హుక్కులు తువ్వాలు వైపు ఉండేలా తిప్పి ఇస్త్రీ చేయాలి.

అణిగిన ముక్కును పల్చటి కత్తి మొనతో ఒకసారి ఎత్తొచ్చు. రెండోసారి, మూడోసారి ఎత్తితే లోహం పెళుసుబారి విరుగుతుంది, అప్పటికి మార్చేయడమే నయం. హుక్కు ఊడి బట్టకు రంధ్రం పడితే అదే రంధ్రం మీద మళ్లీ కుట్టకూడదు. పట్టీ లోపలి అంచు విప్పి, రెండు పక్కలా ఒక్కో అంగుళం దాటేలా నూలు ముక్క దూర్చి, రంధ్రాన్ని దాని మీదకు రఫ్ఫు చేసి, పట్టీ మూసి, హుక్కును పాత ఎత్తులోనే 2 మిల్లీమీటర్లు లోపలికి జరిపి కుట్టాలి. ఎదురు కాజాను కూడా 2 మిల్లీమీటర్లు కొస వైపుకు మళ్లీ అల్లాలి. ఇది మరిచిపోతే ఆ ఒక్క హుక్కు మిగతావాటికంటే బిగుతుగా నిలబడి, అందరి బరువూ తానే మోసి, వారంలో మళ్లీ ఊడుతుంది.